కనుమ మర్నాడు గోదారి మీద

"కనుమ నాడు కాకి కూడా కదలదు. అలాంటిది నన్ను పడవెక్కమంటారా?" అంది అమ్మమ్మ. ఇక ఆ మాటకి తిరుగు లేదు.

చిన్న మావయ్య పాపికొండలకి లాంచీ మాట్లాడి బయానా ఇచ్చి వచ్చింది కనుమ రోజుకి. పెద్ద మావయ్య వాళ్ళకి ఆ మర్నాడే హైదరాబాదుకి రైలు. ఇటు చూస్తే పెద్దావిడ మాట, అటు చూస్తే రిజర్వేషన్లు. రాత్రి భోజనాల దగ్గర గంటసేపు అదే గొడవ. చివరికి టికెట్లు మార్చుకోవడమూ అయింది, లాంచీ వాళ్ళని బతిమాలుకోవడమూ అయింది. ప్రయాణం కనుమ మర్నాటికి పడింది.

2003లో గోదావరి పుష్కరాలు అయ్యాక వచ్చిన సంక్రాంతి అది, అంటే 2004 జనవరి. నాకప్పుడు పదకొండేళ్ళు. మేము కాకినాడ నుంచి, పిన్ని వాళ్ళు ఏలూరు నుంచి, పెద్ద మావయ్య వాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చి రాజమండ్రిలో అమ్మమ్మ ఇంట్లో దిగేవాళ్ళం. ఆ ఏడు పిల్లా పెద్దా కలిపి 19 మందిమి తేలాం.

అసలు అమ్మమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. తాతయ్య పోయాక ఆవిడ గుమ్మం దాటడమే తక్కువ. పుష్కరాలకి కూడా తెల్లవారుజామున కోటిలింగాల రేవులో మూడు మునకలు వేసి, ఎండెక్కకముందే ఇంటికి వచ్చేసింది. పాపికొండలు అనగానే ఆవిడ అడిగింది ఒక్కటే, "లాంచీ దేవీపట్నం మీదుగానే కదా వెళ్తుంది?" అని.

దేవీపట్నం ఆవిడ పుట్టిన ఊరు. పెళ్ళయిన నాడు అక్కడి రేవులోనే లాంచీ ఎక్కి రాజమండ్రి వచ్చిందట. తల్లీ తండ్రీ పోయి, అన్నదమ్ములు తలో ఊరూ చేరాక ఆవిడకి అటు వెళ్ళే పని లేకపోయింది. అలా ముప్ఫై ఏళ్ళ పైన గడిచిపోయాయి.

తెల్లవారుజామున మూడింటికే వంటిల్లు వెలిగింది. అత్త పులిహోర కలిపింది. అమ్మా పిన్నీ కలిసి దద్దోజనానికి పోపు పెట్టారు. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి ముందు రోజు చేసిన గారెలు ఒక గిన్నెడు మిగిలాయి. వాటిని పెరుగులో వేసి, పైన అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర జల్లి, మూత మీద గుడ్డ కట్టారు. అరిసెలు, జంతికలు డబ్బాలకెత్తారు. విస్తరాకుల కట్ట, మంచినీళ్ళ క్యాను, రెండు దుప్పట్లు, పిల్లలకి మార్చుబట్టలు. అమ్మమ్మ సంచి మాత్రం చిన్నది. అందులో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, దువ్వెన, ఒక కాగితంలో ఉప్పు.

"ఉప్పెందుకే?" అని అమ్మ అడిగితే, "ఉండనీ" అంది.

సీతానగరం మీదుగా పురుషోత్తపట్నం చేరేసరికి ఇంకా పొగమంచు విడలేదు. దారిపొడుగునా పక్కనే గోదారి ఉందని తెలుస్తోంది కానీ కనిపించడం లేదు. వ్యాను దిగి రేవులోకి నడుస్తుంటే ముందు డీజిలు వాసన, తర్వాత ఇంజను చప్పుడు, ఆ తర్వాత మంచులోంచి లాంచీ ముక్కు బయటపడ్డాయి. ఒడ్డు నుంచి లాంచీ మీదికి ఒక బల్ల వేశారు. జానెడు వెడల్పు, అడ్డంగా కొట్టిన చెక్కముక్కలు, కింద నల్లగా నీళ్ళు. మా నాన్న మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే రెక్క పట్టుకుని దాటించారు.

"రండి మామ్మగారూ, చెయ్యివ్వండి" అన్నాడు సరంగు.

"నాకు చెయ్యెందుకు నాయనా? ఈ బల్లల మీదే నడక నేర్చుకున్నాను" అని, కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, మోకాళ్ళ నొప్పులున్న మనిషేనా ఈవిడ అనిపించేలా నాలుగు అంగల్లో దాటేసింది. ఇంట్లో మెట్లెక్కడానికి గోడ పట్టుకునే మనిషి!

లాంచీ చిన్నదే. కింద చెక్క బెంచీలు, మధ్యలో ఇంజను, వెనక వంటకి కాస్త జాగా. పైన రేకుల కప్పు కింద ప్లాస్టిక్ కుర్చీలు. ముందు చక్రం దగ్గర సరంగు. కింద ఇంజను దగ్గర డ్రైవరు. ఇద్దరి మధ్యా ఒక తాడు. సరంగు తాడు లాగితే కింద గంట మోగేది. ఎన్ని గంటలు కొట్టాడన్న దాన్నిబట్టి డ్రైవరు వేగం పెంచడమో తగ్గించడమో చేసేవాడు. ఆ గంట లెక్క నేర్చుకోవాలని నేనూ మా పిన్ని కొడుకూ పొద్దున్నంతా అక్కడే కూర్చున్నాం. సరంగు నెమ్మదైన మనిషి. విసుక్కోలేదు సరికదా, ఒకసారి తాడు నా చేతికే ఇచ్చాడు. నేను కొట్టిన గంటకి అంత లాంచీ అంత గోదారి మీద నెమ్మదించింది. ఆ గర్వం ఇప్పటికీ నా అరచేతిలో ఉంది.

బయల్దేరిన కాసేపటికి మంచులోంచి పట్టిసం గుడి బయటికొచ్చింది. నది మధ్య కొండ, కొండ మీద వీరభద్రస్వామి. చుట్టూ తెల్లగా ఇసుక. ఆడవాళ్ళందరూ లేచి దణ్ణం పెట్టుకున్నారు. శివరాత్రికి ఆ ఇసుక మీద జనం చీమల్లా నడుస్తారని పెద్ద మావయ్య చెప్పాడు. ఎండ కాస్త ముదిరాక పోలవరం వచ్చింది. అక్కడినుంచి కొండలు రెండు వైపులా నదికి దగ్గర పడుతూ వస్తాయి.

మా నాన్న ఇరిగేషన్‌లో పనిచేసేవారు. నీళ్ళు కనిపిస్తే చాలు, ఆయనకి మాటలొస్తాయి. రాజమండ్రి దగ్గర గోదారి చెరువులా నిలిచినట్టు ఎందుకుంటుందో చెప్పారు. కింద ధవళేశ్వరంలో 1852 నాటికి కాటన్ దొర కట్టిన ఆనకట్ట, దాని తర్వాత వచ్చిన బ్యారేజీ నీటిని ఆపి పెడతాయి కాబట్టి. ఇక్కడ పోలవరం దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన కూడా ఇప్పటిది కాదని, 1940లలోనే రామపాదసాగరం అన్న పేరుతో లెక్కలు వేశారని చెప్పారు. అప్పటికింకా పనులు మొదలు కాలేదు.

అమ్మమ్మ వింటూనే ఉంది. "నా చిన్నప్పుడే అనేవారు అల్లుడుగారూ. దొరలు వచ్చి గొలుసులు పట్టుకుని కొలుచుకు పోతున్నారు, ఊరు మునుగుతుంది, కొండమీదికి పోవాలి అని. మా నాన్న ఆ మాటకే రెండేళ్ళు ఇల్లు నేయించలేదు" అంది. తాటాకిల్లు అది. ఏడాదికోసారి కొత్త ఆకు నేయించాలి. మునిగిపోయే ఇంటికి ఆకెందుకని రెండు వానాకాలాలు కారుతున్న కప్పు కిందే కాపురం చేశారట. మూడో ఏడు ముత్తవ్వ పోరు పడలేక నేయించారట.

గండి పోశమ్మ గుడి దగ్గర లాంచీ ఆగింది. ఆ దారిన వెళ్ళే లాంచీ వాళ్ళెవరూ అమ్మవారికి చెప్పకుండా పైకి వెళ్ళరు. అమ్మమ్మ కొబ్బరికాయ కొట్టి, ఒక చెక్క సరంగుకి ఇచ్చింది. అతను కళ్ళకద్దుకుని చక్రం దగ్గర పెట్టాడు.

అక్కడినుంచి అమ్మమ్మ కిందికి దిగలేదు. పైన కుడివైపు కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ఉప్మా ప్లేటు చేతికిస్తే అక్కడే తింది. కుర్చీ తెచ్చి వేస్తే వద్దంది. ఒడ్డున ఏ ఊరు వస్తే ఆ ఊరి పేరు చెప్పడం మొదలుపెట్టింది. పేరుతో ఊరుకోదు. ఆ ఊళ్ళో బెల్లం బావుండేదని, ఈ రేవులో మొసలి మేకని పట్టుకుపోయిందని, ఆ మర్రిచెట్టు కింద లాంచీ కోసం తెల్లవార్లూ కాచుకున్నారని. అప్పట్లో లాంచీ అంటే ఇప్పుడు బస్సే. రేవు రేవుకీ ఆగేది. ఒక రేవులో చింతపండు బుట్టలెక్కేవి, ఇంకో రేవులో అడ్డాకుల మోపులు. ఎక్కే పెళ్ళివారు, దిగే పురిటి మనిషి. ఒక్కోసారి కొండరెడ్లు కట్టిన వెదురు తెప్పలు అరమైలు పొడుగున ఎదురొచ్చేవట. తెప్ప మీదే వంట, తెప్ప మీదే నిద్ర. అలా రాజమండ్రి దాకా వెదురు తేలుతూ వెళ్ళేది. వాళ్ళు "హైలెస్సా" అంటే లాంచీలో పిల్లలు బదులు పలికేవారట.

మేము అమ్మమ్మని అలా చూడడం అదే మొదలు. మాకు తెలిసిన అమ్మమ్మ తక్కువ మాట్లాడే మనిషి. ఎవరెంత తిన్నారో చూసుకుంటుంది, ఎవరు ఎందుకు అలిగారో కనిపెడుతుంది, తన సంగతి మాత్రం చెప్పదు. ఆ పొద్దున గోదారి ఒడ్డు ఆవిడకి అచ్చేసిన పుస్తకంలా ఉంది. పేజీ తిప్పే పని లాంచీ చేస్తోంది.

దేవీపట్నం కనిపించే ముందే ఆవిడకి తెలిసిపోయింది. నది కాస్త వంపు తిరిగింది. "ఇదిగో, ఇప్పుడు చింతచెట్టు కనపడుతుంది చూడండి" అంది. వంపు దాటాం. రేవు కనిపించింది, మెట్లు కనిపించాయి, పైన పెంకుటిళ్ళు కనిపించాయి. చింతచెట్టు లేదు.

"ఎనభయ్యారు వరదకి పోయిందండి, మామ్మగారూ" అన్నాడు సరంగు చక్రం మీంచి చూపు తిప్పకుండా. 1986 ఆగస్టు వరద అంటే గోదారి ఒడ్డు వాళ్ళకి ఒక శకం. భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకి వచ్చిన వరద అది. దానికి ముందు, దాని తర్వాత అని రోజులు లెక్కపెట్టుకుంటారు.

అమ్మమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒక్క పది నిమిషాలు ఆపుతావా బాబూ?" అంది.

ఆ రేవులో ఆగడం మా బేరంలో లేదు. అయినా సరంగు గంట కొట్టాడు. బల్ల వేశారు. అమ్మమ్మతో అమ్మ, నేను దిగాం. ఆవిడ ఊళ్ళోకి వెళ్తుందనుకున్నాను, పుట్టిన ఇల్లు చూపిస్తుందనుకున్నాను. వెళ్ళలేదు. రేవు మెట్ల మీద కూర్చుని, చెప్పులు విడిచి, పాదాలు నీళ్ళలో పెట్టింది. కింది మెట్టు రాయి మధ్యలో అరిగి దొన్నెలా గుంట పడింది. బట్టలుతికిన రాయి. ఆవిడ అరచెయ్యి ఆ గుంటలో పెట్టి అటూ ఇటూ రాసింది, బుగ్గ నిమిరినట్టు. నీళ్ళలో చిన్న చేపపిల్లలు వచ్చి కాళ్ళ చుట్టూ చేరాయి.

పైమెట్టు మీంచి ఒక ముసలావిడ బిందెతో దిగుతూ ఆగిపోయింది. చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"కరణంగారి వీధిలో ఉండేవాళ్ళ ఆఖరి పిల్లవి కదుటే నువ్వు?"

అమ్మమ్మని "ఏమే" అని పిలిచే మనిషిని నేనంతవరకు చూడలేదు. ఇద్దరూ మెట్ల మీదే కూర్చున్నారు. ఎవరెవరు పోయారో చెప్పుకున్నారు. పేర్లు ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో "అయ్యో", "ఎప్పుడే?" అంతే. లాంచీ మీంచి పిల్లలు కేకలేస్తున్నారు. ముసలావిడ గబగబా పైకెళ్ళి, దొడ్లోంచి రేగుపళ్ళు చెంగు నిండా కోసుకొచ్చి అమ్మమ్మ ఒళ్ళో పోసింది. ఊళ్ళో రేగుపళ్ళు పండే కాలమే అది. భోగిపళ్ళు పోసినట్టు పోసింది. అప్పుడర్థమైంది మా అమ్మకి, సంచిలో ఉప్పు పొట్లం ఎందుకుందో.

ఆ పళ్ళు మధ్యాహ్నం దాకా ఉప్పద్దుకుని తిన్నాం. సగం పచ్చి, సగం దోర, ఒక్కోటి పుల్లగా నాలుక తిరిగిపోయేలా. గింజ నీళ్ళలోకి ఎవరు దూరం ఉమ్ముతారో పందెం.

కచ్చులూరు దగ్గరికి వచ్చేసరికి ఇంజను చప్పుడు మారింది. అక్కడ నది మలుపు తిరుగుతుంది. పైకి చూస్తే నున్నగా ఉంటుంది కానీ అడుగున చాలా లోతు, నీళ్ళు లోపల్లోపలే గింగిరాలు తిరుగుతాయి. ఆ చోటుని "మందం" అంటారు. సరంగు మాటలాపేశాడు. ముందు గెడకర్ర పట్టుకున్న కుర్రాడు కూడా కూర్చున్నాడు. అక్కడ కర్రకి అడుగు అందదు. అమ్మమ్మ చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ నీళ్ళలో వేసి, "చల్లగా చూడు తల్లీ" అంది. పసుపు నీటి మీద పడ్డ చోటే ఉండకుండా మెల్లగా ఒక చుట్టు తిరిగి, ఇంకో చుట్టు తిరిగి కనిపించకుండా పోయింది. శీతాకాలపు గోదారి అంత నెమ్మదిగా ఉంటేనే ఆ సుడి అలా ఉంది. ఆ పసుపు చుట్టు నా మనసులో ఉండిపోయింది.

కొరుటూరు ఎడం పక్క, కొండమొదలు కుడి పక్క దాటాక అసలు పాపికొండలు మొదలయ్యాయి. రాజమండ్రిలో మూడు కిలోమీటర్ల దాకా పరుచుకునే గోదారి ఇక్కడ రెండు కొండల మధ్య ఒదిగిపోతుంది. అవతలి ఒడ్డున మేస్తున్న మేకల్ని లెక్కపెట్టొచ్చు. ఎండ ఒక్కసారి తగ్గిపోయింది. నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. ఇంజను చప్పుడు కొండకి తగిలి వెనక్కి వస్తుంటే వెనకాల ఇంకో లాంచీ వస్తోందేమోనని తిరిగి చూసేవాళ్ళం. ముందు చూస్తే దారి మూసుకుపోయినట్టే ఉంటుంది. కొండకి కొట్టుకుంటాం అనుకునేలోపు ఒక పక్కన సందు తెరుచుకుంటుంది. ఆ కొండల అవతలే రంప ప్రాంతమని, 1922లో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడిందని పెద్ద మావయ్య చెబుతున్నాడు. నాకు సగమే వినిపించింది, ఎందుకంటే అమ్మమ్మ నా జుట్టు దువ్వుతోంది.

గాలికి జుట్టంతా చిక్కుపడింది. తన ముందు కూర్చోబెట్టుకుని, సంచిలోంచి దువ్వెన తీసి, కింద నుంచి చిక్కు తీసుకుంటూ వచ్చింది. తర్వాత దువ్వెన మొనతో నుదుటి మీంచి నడినెత్తి దాకా ఒక గీత గీసింది. "ఇదిగో ఇది పాపిడి. అదిగో అదీ పాపిడే. కొండల్ని అటూ ఇటూ దువ్వి మధ్యలో గోదారమ్మ నడుస్తోంది. పాపిడి కొండలే పాపికొండలయ్యాయి, మా అమ్మ చెప్పేది" అంది. ఆ మొన నెత్తి మీద నడిచిన చల్లదనం, ఎదురుగా రెండుగా విడిపోతున్న కొండలు, రెండూ ఒకేసారి నాలోకి వచ్చాయి. ఈరోజుకీ పాపిడి తీసుకుంటే ఆ మలుపే కళ్ళముందు కదులుతుంది.

పేరంటాలపల్లి చేరేసరికి ఒంటిగంట దాటింది. కుడి పక్కన తూర్పు గోదావరి, ఎడం పక్కన పశ్చిమ గోదావరి అనుకుంటూ వచ్చిన మాకు, ఈ ఊరు అప్పట్లో ఖమ్మం జిల్లా అంటే భలే అనిపించింది. ఒక్క పూటలో మూడు జిల్లాలు. ఇసుకలో నడిచి, మెట్లెక్కితే చెట్ల నీడలో శివాలయం, బాలానందస్వామి మొదలుపెట్టిన రామకృష్ణ మునివాటం. కొండమీంచి వచ్చే సెలయేరు రాళ్ళ మధ్య నుంచి గుడి పక్కగా పారుతుంది. మా పిల్లకాయల మంద కూడా లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించింది, ఎవరూ చెప్పకుండానే. దోసిలి పట్టి ఆ నీళ్ళు తాగాం. పళ్ళు జివ్వుమన్నాయి.

దారి పక్కన కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పూలు అమ్ముతున్నారు. ఒకావిడ అక్కడే కూర్చుని చేస్తోంది. చేతిలో జానెడు వెదురు ముక్క. కత్తి దాని మీద ఆనించి పైనుంచి కిందికి పల్చగా చెక్కుతుంది, కానీ చివరిదాకా తెగనివ్వదు. ఆ పొర ఉంగరంలా చుట్టుకుని మొదట్లో ఆగిపోతుంది. పక్కనే ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే పుల్ల చుట్టూ రేకులు రేకులుగా పువ్వు విచ్చుకుంది. ఒక్క రేకు తెగినా పువ్వంతా పోయినట్టే. ఆవిడ కత్తి వైపు చూడడం లేదు, మావైపు చూసి నవ్వుతోంది. అమ్మమ్మ బేరమాడకుండా డజను కొంది. కూరగాయల బండి దగ్గర అర్ధరూపాయికి కూడా వదలని మనిషి.

భోజనాలు లాంచీ దగ్గరే ఇసుకలో. పులిహోర, లాంచీ వాళ్ళు వండిపెట్టిన వేడి వంకాయ కూర, పప్పుచారు, దద్దోజనం. పొద్దున్నుంచి నానిన పెరుగు గారెలు మెత్తగా, పుల్లగా, నోట్లో వేస్తే కరిగిపోయాయి. లాంచీ వాళ్ళని కూడా మాతోపాటే విస్తళ్ళ ముందు కూర్చోబెట్టింది అమ్మమ్మ. ఆవిడ వడ్డిస్తేనే ఎవరికైనా భోజనం అయినట్టు.

తిరుగు ప్రయాణంలో పోలవరం దాటాక ఇసుక మేట తగిలింది. శీతాకాలం నీళ్ళు తగ్గి, నది ఎక్కడికక్కడ తిన్నెలు వేస్తుంది. కుర్రాడు గెడ వేసి "మొలలోతు, మోకాలు" అంటూ కేకవేసేలోపే కింద గరగరమని లాంచీ ఆగిపోయింది. పిల్లలందరం కేరింతలు. మగవాళ్ళు ప్యాంట్లు మడిచి దిగారు. తోశారు, కదల్లేదు. "కాసేపు ఆగండి, అందరూ దిగితే తేలుతుందండి" అన్నాడు సరంగు. అలా మేమందరం గోదారి నడుమ ఇసుక తిన్నె మీదికి దిగాం.

ఆ రోజంతటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ అరగంట. పొద్దు పడమటి కొండల మీదికి దిగుతోంది. ఇసుక పైన వెచ్చగా, వేలితో తవ్వితే కింద చల్లగా. అడుగు వేస్తే నీరు ఊరి అడుగులో అద్దంలా మెరుస్తుంది. మా నాన్నని ఎప్పుడూ పనిలేకుండా చూసి ఎరగను. ఇంట్లో ఉన్నా ఏదో ఒక స్విచ్చి విప్పి కూర్చుంటారు. ఆయన వెల్లకిలా పడుకుని, చేతులు తలకింద పెట్టుకుని ఆకాశం చూస్తున్నారు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. పిన్ని, అత్త చీరలు దోపుకుని తొక్కుడుబిళ్ళ గీశారు. అమ్మమ్మ తిన్నె చివర, నీళ్ళ అంచున ఒక్కత్తే నిలబడి పై దిక్కుకి చూస్తోంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, "వస్తూ ఉంటే కుడిపక్క, పోతూ ఉంటే ఎడంపక్క. మర్చిపోకు" అంది. ఊరి సంగతి చెబుతోందని చాలాకాలం తర్వాత తెలిసింది నాకు.

రాజమండ్రి చేరేసరికి రాత్రి తొమ్మిది. వ్యానులో అందరం ఒకరిమీద ఒకరు పడి నిద్ర. ఒంటి నిండా ఇసుక.

అమ్మమ్మ 2011లో వెళ్ళిపోయింది. మళ్ళీ దేవీపట్నం చూడలేదు. వెదురు పూలు చాలా ఏళ్ళు టీవీ పక్కన గాజు గ్లాసులో ఉండేవి. రంగు వెలిసినా ఒక్క రేకు రాలలేదు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిందని టీవీలో చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నీటి మీద తిరిగిన ఆ పసుపు. అప్పుడు గోదారి వరదలో ఉంది. ఎన్నో కుటుంబాలు మాలాగే ఒక రోజు సరదాగా గడుపుదామని ఎక్కాయి. నెల దాటాక కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ లాంచీని పైకి తీసేదాకా మా అమ్మ రోజూ ఆ వార్త కోసం చూసేది. ఆ చోటు ఎలాంటిదో అక్కడి సరంగులకి తెలుసు, ఒడ్డున పుట్టిన ప్రతి ముసలమ్మకీ తెలుసు. వరదలో మందం మీదికి లాంచీ వెళ్ళకూడదన్న ఆ మాట ఆ రోజు నిలబడి ఉంటే బావుండేదని ఇప్పటికీ బాధపడతాను.

2021లో పోలవరం దగ్గర కడుతున్న ఆనకట్ట కోసం గోదారిని స్పిల్‌వే మీదుగా, అంటే నీళ్ళు వదిలే గేట్ల మీదుగా, మళ్ళించారు. వెనక నీళ్ళు నిలవడం మొదలైంది. ఒడ్డు ఊళ్ళవాళ్ళు గోకవరం వైపు కట్టిన కాలనీలకి వెళ్ళారు, దేవీపట్నం వాళ్ళు కూడా. డెల్టాకి నీళ్ళు కావాలి, నేను కాదనను. మా నాన్న బతుకంతా ఆ నీళ్ళ లెక్కల్లోనే గడిచింది. కానీ ముత్తాత రెండేళ్ళు కప్పు నేయించకుండా భయపడ్డ మునక, ఎనభై ఏళ్ళు ఆలస్యంగా, నిజంగానే వచ్చింది.

2023 జనవరిలో అమ్మని, మా పాపని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడు లాంచీలు గండి పోశమ్మ దగ్గరినుంచే బయల్దేరుతున్నాయి. పేర్లు రాసుకున్నారు, లైఫ్ జాకెట్లు వేయించారు. మా పాపకి అది మోకాళ్ళ దాకా వచ్చింది. పైన స్పీకర్లో పాటలు. అమ్మ కుడివైపు కమ్మీ పట్టుకుని నిలబడింది, అచ్చం అమ్మమ్మలాగే. ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకటి మర్చిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఒడ్డు కనిపిస్తేగా పేరు గుర్తొచ్చేది. చెట్ల మొదళ్ళ దాకా నీళ్ళే.

నది వంపు తిరిగింది. "ఇక్కడే రేవు" అంది అమ్మ.

"ఇంకాస్త పైకండి" అన్నాడు సరంగు. కొత్త కుర్రాడు. పాట ఆపించి, వేగం తగ్గించాడు. కాసేపటికి, "ఇదిగో, ఇదేనండి దేవీపట్నం. మెట్లు మన కిందే ఉన్నాయి" అన్నాడు.

కాస్త పైన కప్పుల్లేని గోడలు కనిపించాయి. కింద నీళ్ళు నున్నగా, అడుగు కనపడకుండా ఉన్నాయి. మా పాప వంగి చూసి, "ఎక్కడమ్మమ్మా మెట్లు?" అని అడిగింది.

అమ్మ జవాబు చెప్పలేదు. సంచిలోంచి ఒక పొట్లం తీసి పాప ఒళ్ళో విప్పింది. పొద్దున్నే రాజమండ్రి బజార్లో కొన్న రేగుపళ్ళు. పక్కనే ఇంకో చిన్న కాగితం మడత, అందులో ఉప్పు.